గుండె జబ్బుల పాఠం ఊళ్లో డ్యూటీకి ఎలా పనికొస్తుంది?

మీరు అడిగింది ఇది: నల్లగొండలో హెల్త్ వర్కర్ కోర్సు చదువుతున్నారు. గుండె, రక్తనాళాల జబ్బుల పేర్లు, నిర్వచనాలు పరీక్షకు గుర్తుంటున్నాయి. సబ్‌సెంటర్‌లో పోస్టింగ్ పడేసరికి మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషిలో ఏదీ పోల్చుకోలేకపోతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రక్తనాళం గోడ దగ్గర మొదలుపెట్టండి.

మన బత్తాయి తోటల్లో డ్రిప్ పైపుకు ఉప్పు పట్టి పూడుకుపోవడం అందరికీ తెలుసు కాబట్టి చాలామంది ఆ పోలికే చెప్తారు. అది సగమే సరైంది. కొవ్వు పైపు లోపలి అంచుకు పేరుకోదు, గోడలోకి దిగుతుంది. బీపీ, పొగ, షుగర్ వల్ల నాళం లోపలి సన్నని పొర దెబ్బతింటుంది. చెడు కొవ్వు అని పిలిచే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ గోడలో చేరుతుంది. దాన్ని తినడానికొచ్చిన తెల్లకణాలు కొవ్వుతో ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి, పైన పీచులాంటి కప్పు ఏర్పడుతుంది. ఇదే ప్లాక్. ఆ కప్పు పలచబడి చిట్లితే నిమిషాల్లో దాని మీద రక్తం గడ్డకడుతుంది. అందుకే నాళం సగం కూడా మూసుకోని మనిషికీ గుండెపోటు వస్తుంది. "పోయిన నెలనే టెస్టులన్నీ మంచిగున్నయన్నరు" అని ఇంటివాళ్లు అంటే అబద్ధమాడుతున్నట్టు కాదు. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగా ఇరుకైన నాళాన్ని పట్టిస్తుంది గానీ ఏ ప్లాక్ చిట్లబోతోందో చెప్పలేదు.

నడిచినప్పుడు ఎద పట్టేసి, ఆగితే కాసేపట్లో తగ్గితే ఆంజైనా. గడ్డ దారి మూసేసి కండరం చావడం మొదలైతే గుండెపోటు. మెదడు నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళమే చిట్లినా పక్షవాతం. కాలి నాళంలో అయితే నడిస్తే పిక్క పట్టేయడం, మానని పుండు. ఈ వరుసలో ఇమడనిది రుమాటిక్ గుండె జబ్బు ఒకటుంది, దాని సంగతి చివర్లో.

సబ్‌సెంటర్‌లో మీ చేతిలో ఉన్న అసలు పని బీపీ కొలవడం. ఎక్కువ తప్పులు జరిగేదీ అక్కడే. పొలం నుంచి నడిచొచ్చిన అవ్వను అట్లనే స్టూలు మీద కూర్చోబెట్టి, జాకెట్ మీదనే పట్టీ చుట్టి, "గోలీలు ఏసుకుంటున్నవా అవ్వా?" అని మాట్లాడిస్తూ కొలిస్తే వచ్చే అంకె ఆమె బీపీ కాదు. 5 నిమిషాలు వీపు ఆన్చి కూర్చోవాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చాయ్, బీడీ, తంబాకు తర్వాత 30 నిమిషాలు ఆగాలి. మూత్రం ఆపుకుని కూర్చున్నా, మాట్లాడుతున్నా అంకె 10 దాకా పెరుగుతుంది. పట్టీ లోపలి రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టుకోవాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. డయల్ మిషన్ అయితే గాలిని సెకనుకు 2–3 మిల్లీమీటర్ల చొప్పున దించండి. బుస్సున వదిలేస్తే పై అంకె తగ్గి, కింది అంకె పెరిగి కనిపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు కొలవండి. 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే మరో రోజు కొలిచి నిర్ధారించాలి. 180/110కి చేరితే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. రిజిస్టర్ నిండా 120/80, 130/80 మాత్రమే ఉంటే, అది మిషన్ పట్టకుండా నింపిన రిజిస్టర్ అని చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

30 ఏళ్లు దాటినవాళ్లకు ఆశ కార్యకర్త నింపే, జబ్బుల ముప్పు లెక్కగట్టే సీబ్యాక్ ఫారంలో స్కోరు 4 దాటితే ముందుగా పిలవాలి. స్కోరు తక్కువని బీపీ చూడకుండా వదిలేయడం మాత్రం తప్పు.

ఇక "గ్యాస్ పట్టింది" అనే మాట. మన జిల్లాల్లో విలువైన సమయం ఎక్కువగా పోయేది ఇక్కడే. ఛాతీ మధ్యలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లచెమటలు పుస్తకంలో ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవయసు ఆడవాళ్లలో నొప్పి లేకుండా దమ్ము (ఆయాసం), వాంతి, పైకడుపులో మంట, ఉన్నట్టుండి నీరసం మాత్రమే ఉండొచ్చు. కొత్తగా వచ్చిన గ్యాస్‌కు చెమటో దమ్మో తోడైతే ఈసీజీ తీసేదాకా గుండెపోటనే అనుకోండి. సోడా తాగించి చూద్దాం అనొద్దు. ఆసుపత్రి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన ఇంటికి పంపకూడదు. నొప్పి ఉంటే మళ్లీ తీయాలి. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు బయటికొచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలో పెరగడానికి కూడా కొన్ని గంటలు పడుతుంది.

108కు ఫోన్ చేసి, మనిషిని సగం కూర్చున్నట్టు ఆన్చి ఉంచండి. నడిపించొద్దు, బైకు మీద ఇద్దరి మధ్య ఇరికించి తీసుకెళ్లొద్దు. డాక్టర్ గానీ 108 సిబ్బంది గానీ చెప్తే 300 లేదా 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించాలి. మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం ఉంటే ఆస్పిరిన్ ఇవ్వొద్దు. సీటీ తీయకుండా అది గడ్డో రక్తస్రావమో తెలియదు. పై బీపీ 90 కంటే తక్కువుంటే నాళాలను వదులు చేసే సార్బిట్రేట్ గోలీని నాలుక కింద పెట్టొద్దు, బీపీ ఇంకా పడిపోతుంది. మరో ముఖ్యమైన సంగతి: ఊళ్లో ఆర్‌ఎంపీ చేత పిరుదుకు నొప్పి సూది వేయించొద్దు. తర్వాత గడ్డ కరిగించే మందు ఇస్తే ఆ కండరంలోకి రక్తం కారుతుంది.

గుండెపోటని ఈసీజీలో తేలాక 120 నిమిషాల్లో స్టెంట్ (మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) పడేలా ఉంటేనే నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లడం లాభం. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. రోడ్డు, ట్రాఫిక్, ఆసుపత్రి లోపలి ఆలస్యం కలిపితే ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు దగ్గరలోనే టెనెక్టిప్లేజ్, స్ట్రెప్టోకైనేజ్ లాంటి కరిగించే మందు ఇప్పించి, ఆ తర్వాత పైకి పంపాలి. 12 గంటల వరకు ఇవ్వొచ్చు గానీ మొదటి 3 గంటల్లోనే బాగా పనిచేస్తుంది. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతంలో కరిగించే మందుకు గడువు నాలుగున్నర గంటలు. నిద్రలేచేసరికి చేయి పడిపోయి ఉంటే, చివరిసారి బాగున్నట్టు చూసిన సమయం నుంచి లెక్కించాలి, లేచిన సమయం నుంచి కాదు.

పుస్తకంలో ఉండని, మన దగ్గర మాత్రం ఉన్న రెండు చిక్కులు చెప్తాను. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో నడుము, కీళ్లు పట్టేసిన పెద్దలు ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు మింగుతుంటారు. ఇవి ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి, బీపీ పెంచుతాయి, బీపీ గోలీ టెల్మిసార్టాన్, నీరు తీసే గోలీ ఫ్యూరోసెమైడ్ పనిని తగ్గిస్తాయి. నొప్పి గోలీ, బీపీ గోలీ, నీరు తీసే గోలీ మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతినొచ్చు. బీపీ దిగడం లేదని గోలీ డోసు పెంచేముందు "నొప్పుల గోలీ ఏమేసుకుంటున్నవ్ తాతా?" అని అడగాలి. మామూలుగా అడిగితే చెప్పరు, వాళ్ల లెక్కలో అది మందే కాదు. సంచి తెచ్చి చూపించమనండి.

రెండోది పాలమూరు వలస. గుంపు మేస్త్రీ వెంట ముంబైకో పుణెకో పోయే కూలీకి నెల గోలీలిచ్చి పంపితే రెండో నెల నుంచి ఏమీ ఉండదు. బీపీకి నొప్పి ఉండదు కాబట్టి ఆపేసినట్టే తెలియదు. గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మెటోప్రొలాల్, అటెనొలాల్ ఒక్కసారిగా ఆపితే ఆంజైనా ఎగదన్నొచ్చు. స్టెంట్ పడ్డ మొదటి ఏడాదిలో గడ్డ కట్టకుండా ఆపే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. "వేసుకుంటున్నారా" అనే ప్రశ్నకు అందరూ ఔననే అంటారు. స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయో, ఎప్పుడు పయనమో అడగండి. మందు అసలు పేరు, డోసు రాసిన కార్డును వాళ్ల ఫోన్‌లో ఫొటో తీయించండి.

గుండె వైఫల్యం (గుండె సరిపడా రక్తం పంపు చేయలేకపోవడం) ఉన్నవాళ్లకు రోజూ పొద్దున, మూత్రం పోసొచ్చాక, ఒకే కాంటా మీద బరువు చూడాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది నీరు. కాళ్ల వాపు, రాత్రి పడుకోవడానికి ఎక్కువ దిండ్లు కావాల్సి రావడం ఆ తర్వాత కనిపిస్తాయి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, దాటొద్దని చెప్పేటప్పుడు ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు కూడా ఆ చెంచాలోవేనని చెప్పాలి.

రుమాటిక్ జబ్బు వేరే దారిలో వస్తుంది. 5–15 ఏళ్ల పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరం, ఒక కీలు నుంచి మరో కీలుకు మారే వాపు వస్తాయి. కీళ్లు బాగవుతాయి, గుండెలో ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం పాడవుతుంది. బెంజథీన్ పెనిసిలిన్ సూది 3–4 వారాలకోసారి ఏళ్ల తరబడి పడాలి. అది బాగా నొప్పెడుతుంది కాబట్టి పిల్లలు తప్పించుకుంటారు. గురుకులంలో ఉంటే తేదీ అక్కడ కూడా రాయించండి. చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోని కవాటం చాలాసార్లు తొలి కాన్పులో బయటపడుతుంది. ఆరో నెల దాటిన గర్భిణి వెల్లకిలా పడుకుంటే దమ్మొస్తోంది, రాత్రి దగ్గొస్తోంది అంటే "కడుపుతో ఉంటే మామూలే" అనకుండా, ఆ వారంలోనే ఎకో (గుండె స్కాన్) తీయించేలా పంపండి. కూర్చున్నా దమ్మొస్తుంటే అదే రోజు పంపాలి.