సమాధానం: ఆ పోట్లాటే ప్రేమండీ

రీజెన్సీ కాలపు నవలలో నాయికా నాయకులిద్దరూ ఎంతసేపూ కీచులాడుకోవడమే, ప్రేమ ఎక్కడుందో తెలియక మూడో అధ్యాయంలో ఆపేశానన్నారు కదా. మొదట్లో నాకూ అంతే.

రీజెన్సీ కాలంలో, అంటే 1811-1820 నాటి ఇంగ్లండ్‌లో, పెద్దింటి పెళ్లికాని అమ్మాయి పరాయి మగాడితో ఒంటరిగా కనబడితే పరువు పోయినట్టే. ఒకడితోనే మూడోసారి నాట్యం చేసినా గుసగుసలే. పక్కన ఓ పెద్దావిడ కాపలా. ఇక మిగిలింది మాటొక్కటే. అదీ అందరికీ వినబడాలి, ఒక్కడికే తగలాలి.

"మీ గురించి చాలా గొప్పగా విన్నాను" అంటాడతను.

"విన్నవన్నీ నమ్మకండి. మీ గురించి నేనూ మంచే విన్నాను" అంటుందామె.

చూశారా? పెద్దావిడకి అది మర్యాద. అతనికి మాత్రం 'విన్న మంచి మీలో కనబడలేదు' అన్న చురక, ఆ రాత్రి నిద్రుండదు.

కాబట్టి ప్రతి సంభాషణ దగ్గరా 'పక్కన ఎవరు వింటున్నారు?' అని చూసుకుంటూ చదవండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది. ఇంకో తలనొప్పి పేర్లు: ఒకే ప్రభువుకి సొంతపేరు, ఇంటిపేరు, బిరుదు మూడూ వాడేస్తారు. ఓ చీటీ మీద రాసి పేజీల్లో పెట్టుకోండి. గౌన్ల వర్ణనలంటారా, నేనైతే దాటేస్తాను.

మళ్లీ మొదటినుంచి వద్దు, ఆపిన చోటునుంచే అందుకోండి.