పెంపుడు పాము పిల్లలన్నీ ఒకేలా ఉంటాయా? వాటిని విడివిడిగా ఎలా గుర్తుపడతారు?

ఒకే విడత గుడ్లలోంచి వచ్చినా అవి ఒకేలా ఉండవు. అయితే వాటిని రంగును బట్టి కాక, తిండి దగ్గర ప్రవర్తించే తీరును బట్టే గుర్తుపెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. విశాఖ సీతమ్మధారలోని మా ఇంట్లో కార్న్ స్నేక్ పిల్లలను గుడ్ల దశ నుంచి పెంచాను కాబట్టి ఈ మాట చెబుతున్నాను. అది అమెరికా ఆగ్నేయ ప్రాంతానికి చెందిన, విషం లేని పాము. మన జెర్రిపోతునో రెండు తలల పామునో తెచ్చి పెంచుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

వీడియోలు చూసి నేర్చుకున్నవారు ముందుగా హీట్ మ్యాట్ కొంటారు. గుడ్లకు కావలసినది 27 నుంచి 29 డిగ్రీల వేడి. మే నెల విశాఖలో దానికోసం కరెంటు ఖర్చు పెట్టడమేమిటో నాకు అర్థం కాదు. ఇక్కడ వేడి మించకుండా చూసుకోవడమే అసలు పని. తడిపి పిండిన వర్మిక్యులైట్‌లో (తేమను పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు) గుడ్లను అటూ ఇటూ తిప్పకుండా ఉంచితే, దాదాపు రెండు నెలలకు పిల్లలు మూతి చివరనుండే చిన్న పంటితో పెంకును చీలుస్తాయి. ఆ తరవాత కూడా తల మాత్రం బయటపెట్టి చాలాసేపు, ఒక్కోసారి రోజుకు పైగా, అలాగే ఉండిపోతాయి. అప్పుడు వాటిని లాగకూడదు.

పుట్టిన పిల్ల జానెడు కంటే కాస్త పొడవుంటుంది. బూడిదరంగు వీపు మీద నల్లటి అంచుతో ఇటుకరంగు మచ్చలు, పొట్ట మీద చదరంగపు బల్లలా నలుపు తెలుపు గళ్లు ఉంటాయి. నలుపును రానివ్వని లక్షణం తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉంటే, నలుపు అసలే లేని ఎర్రకళ్ల పిల్లలు కూడా పుడతాయి. పిల్లలు కావాలని అడిగేవారందరి కళ్లూ వాటి మీదే పడతాయి.

మా ఎర్రకళ్ల పిల్ల మొదటి కుబుసం విడిచాక కూడా ఏమీ ముట్టలేదు. తక్కినవి గడ్డకట్టించి కరిగించిన, వెంట్రుకలు రాని ఎలుక పిల్లలను దేని డబ్బాలో అది హాయిగా తింటున్నాయి. (ఒకే డబ్బాలో ఉంచితే ఒకదాన్నొకటి మింగే ప్రమాదం ఉంది.) అడవిలో ఈ వయసు పిల్లలు చిన్న బల్లులను, కప్పలను వేటాడతాయి, మా గోడల మీద బల్లులకు కొదవ లేదు. తలుపు సందులో తెగిపడిన తోకనొకదాన్ని ఫ్రీజర్లో దాచి, తరవాత కరిగించి ఎలుక పిల్ల మూతికి రుద్దాను. ఫ్రీజర్ విషయంలో అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. అంతవరకూ మూలన చుట్టుకుని పడుకున్న పాము పిల్ల నాలుకను గబగబా ఆడిస్తూ దగ్గరకు వచ్చి, ఎలుక పిల్లను ఈ చివర నుంచి ఆ చివరకు తడిమి చూసి, రుద్దిన మూతినే పట్టుకుని, దవడను ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు జరుపుకుంటూ మింగేసింది. ఆ తరవాత తోక రుద్దడం తగ్గిస్తూ వచ్చాను. కొంతకాలానికి మామూలుగానే తినసాగింది.

నాగుల చవితికి ఇరుగుపొరుగు వారు పాలు పట్టుకొస్తారు. పాములకు పాలు అరగవని చెప్పి, పుట్టలో పోసుకోమని పంపించేస్తుంటాం.

ఎవరికైనా పిల్లను ఇచ్చేటప్పుడు, అది పుట్టిన తేదీ, కుబుసం విడిచిన తేదీలు, ఏమి తిన్నది, ఏమి కక్కింది అన్నవి రాసిన కాగితం కూడా ఇస్తాను. ఎర్రకళ్ల పిల్ల కోసం బేరమాడినవారిలో చాలామంది అందులో బల్లి తోక సంగతి చదివి వెనక్కి తగ్గారు. చివరికి, రంగు మాట ఎత్తకుండా ఆ పద్ధతి గురించే పదే పదే అడిగిన ఒక కుర్రవాడికి ఇచ్చాను.