అమెరికన్ కామిక్స్ కళాకారుడు విల్ ఐస్నర్ గీసిన కామిక్స్ పుస్తకాల్లో దొరుకుతుంటే, వాటిని మ్యూజియంలో చూడటం దేనికి?

పుస్తకంలో కథ చదువుతాం, మ్యూజియంలో చేతిపని చూస్తాం. ఐస్నర్ (1917–2005) శతజయంతికి 2017లో న్యూయార్క్‌లోని సొసైటీ ఆఫ్ ఇలస్ట్రేటర్స్ ఆయన ఒరిజినల్ పేజీలను ప్రదర్శనకు పెట్టింది. కామిక్స్ పేజీని మామూలుగా అచ్చయ్యే సైజు కంటే పెద్దగా గీస్తారు. అందుకే ఒరిజినల్ ముందు నిలబడితే కుంచె ఎక్కడ ఒత్తారో, ఎక్కడ తెల్లరంగు పూసి దిద్దారో తెలిసిపోతుంది. అచ్చులో ఇవేవీ కనిపించవు.

ఐస్నర్ పుట్టింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, పెరిగింది పేదల అద్దె వాటాల మధ్య. ఆయన బొమ్మల్లో న్యూయార్క్ కూడా ఒక పాత్రే. 1978లో వచ్చిన ఆయన బొమ్మల కథల పుస్తకం ‘ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్’ మొదట్లో, కూతురి అంత్యక్రియలు ముగించుకుని ఒక తండ్రి జోరువానలో న్యూయార్క్‌లోనే ఉన్న బ్రాంక్స్ ప్రాంతపు వీధి వెంట ఇంటికొస్తుంటాడు. నిలువునా కురిసే గీతలు, వంగిపోయిన భుజాలు. అక్కడ మాటల కంటే వానే ఎక్కువ చెబుతుంది. ఐస్నర్ సొంత కూతురు ఆలిస్ 16 ఏళ్లకే లుకేమియాతో చనిపోయిందని తెలిశాక ఆ పేజీలు గబగబా తిప్పేయలేం.

నా మటుకు ముందు పుస్తకం చదివి తర్వాత ప్రదర్శనకు వెళ్లమంటాను. కథ తెలియకపోతే గోడ మీద విడి పేజీలు సగమే అర్థమవుతాయి. అన్నట్టు, ఆ కథ జరిగే డ్రాప్సీ అవెన్యూ కల్పిత వీధి. బ్రాంక్స్ వెళ్లి వెతక్కండి.