పక్కింటి సిక్కులను సత్యనారాయణ వ్రతానికి పిలవవచ్చా?

పౌర్ణమినాటి సత్యనారాయణ వ్రతానికి పక్కింటి సిక్కు కుటుంబాన్ని పిలవాలని ఉందని, వారు మన పూజలను చిన్నచూపు చూస్తారేమోనని అడిగారు. నిస్సంకోచంగా పిలవండి.

లుధియానాలో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. మా ఇంటి యజమాని ఒక సర్దార్జీ. మొదటి ఏడాదే వ్రతానికి పిలిస్తే దంపతులిద్దరూ వచ్చి కథ పూర్తయ్యేదాకా కూర్చున్నారు, ప్రసాదం దోసిలి పట్టి తీసుకున్నారు. హారతి పళ్లెం దగ్గరకు తెచ్చినప్పుడు మాత్రం కళ్లకు అద్దుకోలేదు, చేతులు జోడించి ఊరుకున్నారు. నాకు మనసు చివుక్కుమంది.

మర్నాడు ఆయనే మాట ఎత్తారు. "మాకూ హారతి ఉందండీ" అంటూ గురునానక్ పూరీలో పాడారని చెప్పుకునే పదం వినిపించారు. అందులో ఆకాశమే పళ్లెం, సూర్యచంద్రులే దీపాలు, నక్షత్రాలు ముత్యాలు, మలయమారుతమే ధూపం. అది విన్నాక, ముందురోజు ఆయన మా దేవుణ్ణి తోసిపుచ్చలేదని అర్థమైంది. (తరువాత నాందేడ్‌లోని గురుద్వారా హజూర్ సాహిబ్‌కు వెళితే అక్కడ నిజమైన దీపాలతోనే హారతి ఇస్తున్నారు! సిక్కులందరి ఆచారం ఒకటేనని అనుకోకండి.)

నియమం మాత్రం స్పష్టంగానే ఉంది. 1945లో ఆమోదం పొందిన సిక్కుల నియమావళి, సిక్కు రహత్ మర్యాద, జంధ్యం, పిండప్రదానం, తిలకం, విగ్రహారాధన, చివరకు పౌర్ణమి వ్రతం కూడా సిక్కులకు వద్దంటుంది. దయ పత్తిగా, సంతోషం నూలుగా, నిగ్రహం ముడిగా, సత్యం పురిగా ఉన్న జంధ్యముంటే వేయమన్నారు నానక్. ముస్లింలతోనూ అదే ధోరణిలో, దయనే మసీదు చేసుకోమన్నారు.

అయితే 1675లో తొమ్మిదవ గురువు తేగ్ బహదూర్ ఢిల్లీ చాందినీ చౌక్‌లో తల ఇచ్చింది కాశ్మీరీ పండితుల బొట్టు, జంధ్యం నిలవడానికేనని సిక్కులు చెప్పుకుంటారు. తాను ధరించని జంధ్యం కోసం! సిక్కులను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలని నా నమ్మకం. వారు తలవంచే పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో సూఫీ షేక్ ఫరీద్, పండరి భక్తుడు నామదేవ్, కబీర్, రవిదాస్‌ల వాక్కులు గురువుల వాక్కుల పక్కనే ఉన్నాయి.

కాబట్టి పిలవండి, కానీ బొట్టు పెట్టుకోమనో, తోరం కట్టించుకోమనో బలవంతపెట్టకండి. అమృతం తీసుకున్నవారు, అంటే సిక్కు దీక్ష పొందినవారు, ఈ విషయంలో మరింత పట్టుదలగా ఉంటారు. గురువుల స్మారక పర్వదినమైన గురుపూరబ్‌కు వారు పిలిస్తే మీరూ వెళ్లండి. తలకు రుమాలు కట్టుకుని, అక్కడ పెట్టే హల్వా, కడా ప్రసాదానికి రెండు చేతులూ చాపండి.