రాత్రి రెండింటికి పక్క తిప్పేదెవరు? హోంలలో ఉన్న పెద్దల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సొంతంగా లేవలేని పెద్దలను, మతిమరుపు జబ్బున్నవారిని నెలనెలా డబ్బు తీసుకుని చూసుకునే హోంల మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

*ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. కుడివైపు పక్షవాతం. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లం. హైదరాబాద్ శివార్లలో మూడు హోంలు చూశాం. మూడింటిలోనూ ‘24 గంటల నర్సింగ్ కేర్’ అనే చెప్పారు. తేడా తెలుసుకునేదెలా?*
— పాఠకురాలు, విజయవాడ

రాత్రి డ్యూటీ గురించి అడిగితే తెలుస్తుంది. పగలు మేనేజరు, ఫిజియోథెరపిస్టు, వంటవాళ్లు, అందరూ తిరుగుతూనే కనిపిస్తారు. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఎంతమంది ఉంటారు, వారిలో నర్సులెందరు, ఆయాలెందరు, మంచం దిగలేనివారు ఎంతమంది? ఈ అంకెలు అడిగి లెక్క మీరే వేయండి.

30 మంది ఉన్న హోంలో 10 మంది మంచం మీదే ఉంటారనుకుందాం. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పాలంటే ఆ 12 గంటల్లో ఒక్కొక్కరిని ఆరుసార్లు, మొత్తం 60 సార్లు తిప్పాలి. డైపర్ చూసి, దిండ్లు సర్ది పడుకోబెట్టడానికి పది నిమిషాలు పడుతుంది. చర్మం ఒరుసుకోకుండా తిప్పాలంటే ఇద్దరు కావాలి. అంటే 20 గంటల పని. ఇద్దరు ఆయాలుంటే వాళ్ల 24 గంటల్లో మిగిలేది నాలుగే, అందులోనే మిగతా 20 మంది బాత్రూము, మంచినీళ్లు, పిలుపులు అన్నీ చూడాలి. ఒక్క ఆయాను పెట్టి ‘రెండు గంటలకోసారి తిప్పుతాం’ అంటే అది జరగని పని. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఒక్కదాన్నే పెట్టినవాళ్లది.

‘నర్సు’ అన్న మాట కూడా నిలదీసి అడగాలి. ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల చదువు. చదివినవారికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. కొన్ని వారాల శిక్షణతో యూనిఫాం వేసుకున్నవారు అటెండెంట్లు. స్నానం, తిండి, నడిపించడం వాళ్లు చక్కగా చేయగలరు. ఇన్సులిన్, మూత్రపు గొట్టం, ముక్కు గొట్టం మాత్రం నర్సు చేతిలోనే ఉండాలి.

హోంకి రెండుసార్లు వెళ్లండి. ఒకసారి చెప్పి, ఇంకోసారి చెప్పకుండా, రాత్రి 7-8 మధ్యో ఆదివారం మధ్యాహ్నమో. హాలు చూసి తృప్తి పడకుండా మంచాల దగ్గరికి వెళ్లండి. కుడిచేయి పడిపోయిన మనిషికి మంచినీళ్ల సీసా, బెల్లు ఎడమ పక్కన అందేలా ఉన్నాయా? లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి గుంజుతున్నారా? అలా గుంజితే భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి పోదు. నడుముకు బెల్టు కట్టి దాన్ని పట్టుకుని లేపాలి. అన్నం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త కిందికి వంచాలి, చిన్న చెంచాతో బాగున్న వైపు పెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టి తినిపిస్తే పొలమారి, మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. దగ్గు రాకుండా కూడా అలా జరగవచ్చు.

అద్దె ఇళ్లలో నడిపే హోంలలో లిఫ్టు చూడటం మరిచిపోవద్దు. నలుగురు పట్టే లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. మీ నాన్నగారికి కింది అంతస్తే అడగండి. ఇంకెవరెవరిని చేర్చుకుంటారో కూడా తెలుసుకోండి. 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో ఒక హోం మీద పోలీసులు దాడి చేస్తే, వృద్ధాశ్రమం పేరుతో మానసిక రోగులను గొలుసులతో కట్టేసిన సంగతి బయటపడింది. ముసలివారిని, మద్యం మాన్పించడానికి తెచ్చినవారిని, మానసిక రోగులను ఒకేచోట ఉంచే హోం వద్దు. ముగ్గురికీ కావలసిన సేవ వేరు.

*ప్రశ్న: హోంలో చేర్చిన ఏడు వారాలకు మా అమ్మకు నడుము కింద పుండు పడింది. ‘వయసు, షుగర్, అందుకే’ అంటున్నారు. ఎయిర్ బెడ్ కూడా కొనిచ్చాం. నమ్మాలా?*
— పాఠకుడు, ఖమ్మం

వయసు, షుగర్ ఉంటే పుండు తొందరగా పడుతుంది, మానడం ఆలస్యమవుతుంది. కానీ మొదలయ్యేది ఒత్తిడి వల్ల. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం గంటల తరబడి నలిగితే అక్కడికి రక్తం అందదు. మూత్రంతో తడిసి నానిన చర్మం ఇంకా తొందరగా చిట్లుతుంది. చివరి రోజుల్లో ఉన్నవారికి ఎంత బాగా చూసినా చర్మం చెడే సందర్భాలు ఉన్నాయి కాబట్టి పుండు కనబడగానే నిర్లక్ష్యమని తేల్చేయవద్దు. ముందు చార్టు చూపించమనండి.

పక్క తిప్పిన చార్టులో నిజం తెలిసిపోతుంది. వారం పొడుగునా సరిగ్గా 2, 4, 6 గంటలకే, ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండి ఉంటే అది ఒక్కసారి కూర్చుని రాసింది. నిజంగా తిప్పేవాళ్ల చార్టులో 2:10, 4:25 ఉంటాయి, ‘ఎడమ పక్క’, ‘కుడి పక్క’ అని ఉంటుంది, డ్యూటీ మారినప్పుడు చేతిరాత మారుతుంది.

ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పడం ఆపకూడదు. చాలాచోట్ల పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పంపు మోటారు నడుస్తోందా, గొట్టం మంచానికీ గోడకూ మధ్య నలిగిపోయిందా చూడండి. కరెంటు పోతే పంపుకి ఇన్వర్టర్ ఉందా అడగండి. అమ్మ నడుము దగ్గర ఎయిర్ బెడ్ కింద అరచేయి పెట్టండి. చేతికీ ఒంటికీ మధ్య కనీసం అంగుళం గాలి తగలాలి, ఎముక తగిలిందంటే గాలి చాలలేదు. పైన ప్లాస్టిక్ షీటు, దుప్పటి, రెండు మడతల చీర పరిస్తే ఆ బెడ్ ఉన్నా లేనట్టే. ఒక్క పల్చటి దుప్పటి చాలు.

పూర్తిగా ఒక పక్కకు కాకుండా, వీపు వెనుక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉంచాలి. తినే వేళ తప్ప తలవైపు మంచం 30 డిగ్రీలకు మించి ఎత్తి ఉంచితే ఒళ్లు కిందికి జారి చర్మం చిరుగుతుంది. ఎర్రబడిన చోట రుద్దడం, గుండ్రటి గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడం, పుండులో డెటాల్ పోయడం మంచిదనుకుని చేస్తారు, మూడూ చెరుపే.

మీరు వెళ్లినప్పుడు నడుము కింది ఎముక, తుంటి, మడమలు స్వయంగా చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే అది మొదటి దశ పుండు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా, ముదురుగా ఉందా చూడండి. నల్లటి పొర, దుర్వాసన, జ్వరం, ఎముక కనబడటం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు సర్జన్‌కి చూపించాలి. మానడానికి మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 75 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది, కాబట్టి ఒక్క గుడ్డు, పప్పుచారుతో సరిపోదు. కిడ్నీ జబ్బుంటే ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి.

*ప్రశ్న: మా అమ్మకు 79, డిమెన్షియా (మతిమరుపు జబ్బు). హోంలో చేర్చి మూడు నెలలైంది. వీడియో కాల్ చేసినప్పుడల్లా మగతగా ఉంటోంది. ‘ఇప్పుడు చాలా ప్రశాంతంగా ఉన్నారు’ అంటున్నారు. ఇక్కడి నుంచి ఏం చేయగలను?*
— పాఠకుడు, డల్లాస్

ఈ ప్రశాంతతను అనుమానించాల్సిందే. రాత్రి అరిచేవారికి, తిరిగేవారికి నిద్రమందు ఇస్తే ఉన్న ఇద్దరు ఆయాలకు పని తేలికవుతుంది. ఈరోజు ఇస్తున్న మందులన్నిటి పేర్లు, డోసు, వేళలు, ఎవరు ఏ తేదీన రాశారు అన్న చార్టు ఫోటో పంపమనండి. క్వెటియాపిన్, ఒలాంజపిన్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, లోరాజెపామ్, క్లోనాజెపామ్, ఈ మగత తెచ్చే మందుల్లో కొత్తగా చేరిందేమిటో చూడండి. డిమెన్షియా ఉన్న పెద్దలకు క్వెటియాపిన్ వంటి మందులు మరణ ప్రమాదం పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. అసలు వాడకూడదని కాదు. ఎందుకు, ఎన్నాళ్లు, ఎప్పుడు తగ్గిస్తారు అన్నవి రాతలో ఉండాలి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపించవద్దు.

మందు మారకుండానే మగత వచ్చిందంటే అది ఇంకా తొందర పడాల్సిన విషయం. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు చాలకపోవడం, సోడియం పడిపోవడం, ఎప్పుడో జారిపడి తలలో నెమ్మదిగా రక్తం చేరడం, ఇవన్నీ ముసలివారిలో మగతగానే బయటపడతాయి. జ్వరం ఉండాలని లేదు. రక్తం, మూత్రం పరీక్షలు చేయించండి. ఈమధ్య పడిపోయి ఉన్నా, రక్తం పల్చబడే మందు వాడుతున్నా తలకు సీటీ స్కాన్ తీయించండి.

కాల్ వేళ మార్చండి. వేసవిలో మీకు రాత్రి 9 అయితే హైదరాబాద్‌లో ఉదయం 7:30. స్నానం, టిఫిన్ జరిగే సమయం. ముఖం ఒక్కటే కాకుండా ‘పక్క, మంచినీళ్లు, కాళ్లు చూపించండి’ అని మర్యాదగా అడగండి. పెదాలు పగిలి, నాలుక ఎండి ఉంటే నీళ్లు తాగించడం లేదు. కళ్లజోడు, చెవి మిషను, కట్టుడు పళ్లు రోజూ పెడుతున్నారా అని అడగండి. ఇవి అల్మరాలో ఉండిపోవడం వల్ల ‘మాట్లాడటం మానేశారు’ అనిపించుకున్నవారు చాలామంది. అన్నిటికంటే ముఖ్యం, వారానికోసారి చెప్పకుండా వెళ్లి దుప్పటి తీసి చూడగలిగిన మనిషి. పిన్నిగారో, చిన్ననాటి స్నేహితుడో, ఆ పేరు హోం రికార్డులో ‘స్థానిక సంరక్షకులు’గా రాయించండి. లేకపోతే ఆస్పత్రిలో చేర్చే నిర్ణయం మీరు నిద్ర లేచేదాకా ఆగిపోతుంది.

*ప్రశ్న: మా అత్తయ్యగారికి 81. ఇన్సులిన్ మీద ఉన్నారు. రెండుసార్లు తెల్లవారుజామున షుగర్ డౌన్ అయి చెమటలు పట్టాయి. బరువు కూడా తగ్గారు.*
— పాఠకురాలు, కరీంనగర్

డోసు కంటే ముందు గడియారం చూడండి. వంటమనిషి వెళ్లిపోతుందని సాయంత్రం 6:30కే భోజనం పెట్టేస్తారు. రాత్రి నర్సు 8కి డ్యూటీ ఎక్కి 8:30కి ఇన్సులిన్ ఇస్తుంది. 30/70 మిశ్రమ ఇన్సులిన్ అయితే భోజనానికి అరగంట ముందు ఇవ్వాలి. తిండి అయిపోయిన రెండు గంటలకు ఇస్తే అర్ధరాత్రి దాటాక షుగర్ పడిపోతుంది. మర్నాడు టిఫిన్ 8:30కి. మధ్యలో 14 గంటల ఉపవాసం. బరువు తగ్గడానికీ అదే కారణం కావచ్చు.

ఇన్సులిన్, పళ్లెం కలిసి రావాలి. సగమే తింటే నర్సుకు తెలియాలి. పడుకునే ముందు షుగర్ చూసి, డాక్టరు చెప్పిన అంకె కంటే తక్కువుంటే పాలో, రెండు ఇడ్లీలో పెట్టాలి. 70 కంటే కిందికి పడితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఈ వయసులో షుగర్‌ను అంత కట్టడి చేయాలా అని కూడా డాక్టరును అడగండి. బలహీనంగా ఉన్న పెద్దలకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 వరకు సరిపెట్టుకోవచ్చని వైద్యులే అంటారు.

అత్తయ్యగారికి సొంత గ్లూకోమీటరు కొనివ్వండి. రీడింగులు తేదీ, టైముతో అందులో నిలిచి ఉంటాయి, రిజిస్టరుతో పోల్చి చూడండి. సూది గుచ్చే పెన్ను పదిమందికీ ఒకటే వాడితే హెపటైటిస్-బి అంటుకునే ప్రమాదం ఉంది. బరువు నెలకోసారి ఒకే మిషను మీద చూడాలి. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరుకు చూపించాలి.

*ప్రశ్న: రెండు లక్షలు డిపాజిట్ కట్టాం. సేవ బాగాలేక నాలుగు నెలలకే నాన్నగారిని తెచ్చేసుకున్నాం. డిపాజిట్ తిరిగి ఇచ్చేది లేదంటున్నారు. ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లాలా?*
— పాఠకుడు, గుంటూరు

వద్దు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆ ట్రిబ్యునల్ ఉన్నది పిల్లల నుంచి, వారసుల నుంచి పోషణ ఇప్పించడానికి. మీది డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లండి. హోం ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, రెండేళ్ల గడువుంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఒప్పందం, రసీదులు, చార్టుల ఫోటోలు, తేదీ కనబడే గాయాల ఫోటోలు, డిశ్చార్జి కాగితం, వాట్సాప్ సందేశాలు దాచండి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదులన్నీ ఈరోజే ఒక మెయిల్‌గా రాసి పంపండి.

డబ్బు సంగతి కాక, లోపల ఉన్నవారికి హాని జరుగుతోందనుకుంటే కమిషన్ దాకా ఆగకూడదు. పెద్దల కోసం ఉన్న హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. పోలీసులకు, కలెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. జబ్బల లోపలివైపు వేళ్ల గుర్తులు, రెండు మణికట్ల మీద ఒకేలా కమిలిన చారలు ఉంటే కట్టేశారనో, గట్టిగా పట్టారనో అనుమానించాలి. రక్తం పల్చబడే మందులు వాడేవారికి చిన్న తాకిడికే కమిలిపోతుంది కాబట్టి, ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించి రాయించుకుంటే మాట నిలబడుతుంది.

చేర్చబోయేవారు ఒప్పందంలో ఇవి రాయించుకోండి: డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఆస్పత్రిలో ఉన్న రోజులకు ఎంత కట్టాలి, చార్టులు ఎప్పుడడిగినా చూపిస్తారా, పడిపోతే ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు. డైపర్ల బిల్లు కూడా చదవండి. మూత్రం ఆపుకోలేని మనిషికి రోజుకు నాలుగైనా కావాలి, అంటే నెలకు 120. బిల్లులో 60 ఉంటే ఖర్చు తగ్గిందని సంతోషించకండి. ఆ మనిషి సగం రోజు తడిలో ఉన్నారని అర్థం.

*ప్రశ్న: ఆయాలకు చేతిలో డబ్బు పెట్టవచ్చా?*
— పాఠకురాలు, రాజమండ్రి

ఒక్కరికి పెట్టొద్దు. ఆ ఆయా డబ్బు ఇచ్చినవాళ్ల మంచం దగ్గరే తిరుగుతుంది, ఎవరూ లేని ముసలమ్మ పక్క తడిగా మిగులుతుంది. సంక్రాంతికో దసరాకో రాత్రి డ్యూటీవాళ్లతో సహా అందరికీ సమానంగా, మేనేజరుకు తెలిసేలా బట్టలో డబ్బో ఇవ్వండి. ఆయాలను పేరుతో పిలవండి, అమ్మగారు ఏ కూర తింటారో, ఏ మాటకు నవ్వుతారో ఒక కాగితం మీద రాసి మంచం దగ్గర అంటించండి. ఆయా మారినా కొత్తగా వచ్చినవారు చదువుకుంటారు.