పార్కింగ్ గచ్చు మీద ఇంజిన్ ఆయిల్ మరక: యాసిడ్ పోయకండి, ముందు పొడితో లాగండి

మీరు అడిగింది ఇదీ: అద్దె ఇంటి పార్కింగ్‌లో బైక్ కింద ఇంజిన్ ఆయిల్ కారి సిమెంట్ గచ్చు నల్లబడింది, మరక పాతది. వచ్చే నెల ఇల్లు ఖాళీ చేస్తున్నారు, ఓనర్ అడ్వాన్సులో కోత పెడతాడేమోనని టెన్షన్. ఒకరు యాసిడ్ పోయమన్నారు, ఇంకొకరు పెట్రోల్‌తో తుడవమన్నారు. ఏది మంచిదని మీ ప్రశ్న. రెండూ వద్దండి. మరక చాలావరకు పోతుంది, దానికి దారి వేరే ఉంది.

నాకు ఈ అనుభవం ఎలా వచ్చిందో చెబుతాను. హన్మకొండలో మా ఇంటి ముందున్న మడిగెను, అంటే షాపు గదిని, నాన్న చాలా ఏళ్ళు ఒక బైక్ మెకానిక్‌కు అద్దెకిచ్చారు. ఆయన పెద్ద షాపులోకి మారాక, టైల్స్ వేయించి కిరాణా కొట్టుకు ఇద్దామనుకున్నాం. మేస్త్రీ వచ్చి చెంబుతో కాసిని నీళ్ళు గచ్చు మీద చల్లాడు. గోడవారగా పడ్డ నీళ్ళు వెంటనే ఇంకి, అక్కడ గచ్చు ముదురు రంగుకు తిరిగింది. బండ్లు విప్పే చోట మాత్రం చుక్కలు ఇంకకుండా గుండ్రంగా నిలబడ్డాయి. "ఇక్కడ సిమెంట్ పట్టదు సార్, టైల్ వేస్తే ఊడొస్తది. ముందు జిడ్డు తీయించుండ్రి" అన్నాడు. ఆ జిడ్డు తీసే పని ఇంట్లో వాళ్ళమే చేశాం. ఖాళీ చేసి వెళ్ళిన మెకానిక్ కూడా వచ్చి సాయం పట్టాడు. కింద రాసిన వాటిలో సగం ఆయన చూపించినవే.

ఆ నీటిచుక్క పరీక్ష మీరూ చేయండి. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, మరక పోయిందనిపించాక ఒకసారి. కంటికి తెల్లగా కనిపించినా నీటిచుక్క ఇంకకుండా నిలబడిందంటే లోపల ఇంకా నూనె ఉందన్నమాట.

సిమెంట్ గచ్చు పైకి ఎంత గట్టిగా కనిపించినా లోపలంతా సన్నటి రంధ్రాలు ఉంటాయి. నూనె వాటిలోకి దిగుతుంది. నున్నగా సిమెంట్ పాలిష్ చేసిన గచ్చులో తక్కువ దిగుతుంది. బండి జారకుండా గీతలు పెట్టిన ర్యాంపులోనో, గరుకు కాంక్రీట్‌లోనో బాగా లోతుకు పోతుంది. కాబట్టి మనం చేసే ప్రతి పనీ నూనెను పైకి లాగేదిగా ఉండాలి. లోపలికి తోసేది ఏదైనా మరకను పెంచుతుంది.

యాసిడ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర గచ్చు మీద ఏ మరక పడినా ముందు గుర్తొచ్చేది బాత్రూమ్ యాసిడే. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. పోయగానే బుసబుసమని నురగ వస్తుంది, చూసేవాళ్ళకు మరక కరిగిపోతున్నట్టు ఉంటుంది. నిజానికి అక్కడ కరుగుతున్నది సిమెంటు. సిమెంటులోని సున్నం యాసిడ్‌తో కలిసి కరిగిపోతుంది, నూనెను యాసిడ్ ముట్టుకోదు. పై పొర పోయి ఇసుక, కంకర తేలతాయి, గచ్చు గరుకుగా మారుతుంది, ఆ తరవాత పడే ప్రతి చుక్కా ఇంకా తొందరగా ఇంకుతుంది. ఆ ఆవిర్లకు పక్కనే ఉన్న గేటు, గ్రిల్, బండి క్రోమ్ భాగాలు తుప్పు పడతాయి. షాబాద్, తాండూరు బండలు వేసిన పార్కింగ్ అయితే మరీ ప్రమాదం. అవి సున్నపురాయి జాతివి, యాసిడ్ పడిన చోట నునుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. దాన్ని ఓనర్‌కు చూపించడం ఆయిల్ మరక చూపించడం కంటే కష్టం. ఇంకో మాట: యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసి ఉన్న సెల్లార్‌లో అది ప్రాణం మీదకు తెస్తుంది.

పెట్రోల్ నూనెను కరిగిస్తుంది, అది నిజమే. కానీ కరిగి పలచబడ్డ నూనె ఇంకా లోతుకు, ఇంకా వెడల్పుగా పాకుతుంది. అరచేయంత మరక పళ్ళెమంత అవుతుంది. పైగా పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువైనది, సెల్లార్‌లో నేలబారుగా నిలిచిపోతుంది. మోటారు స్విచ్ వేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. కిరోసిన్ కొంచెం నయమనుకుంటారు గానీ, 40 డిగ్రీలు కూడా దాటని వేడికే దాని ఆవిరి మంటను అందుకోగలదు. మన ఎండాకాలంలో మధ్యాహ్నం గచ్చు అంతకంటే ఎక్కువే కాలుతుంది.

ఇప్పుడు చేయాల్సింది.

మరక ఇంకా తడిగా, జిడ్డుగా ఉంటే నీళ్ళు తగలనివ్వకండి. పాత గుడ్డతో అద్ది ఎత్తండి, రుద్దితే పాకుతుంది. ఆపైన రంపపు పొట్టు పోయండి. కట్టె కోత మిషన్ దగ్గర అడిగితే గోనెసంచి నిండా ఇస్తారు. అది దొరక్కపోతే పొడి బూడిద, ముగ్గు పిండి, ఆరిన సన్న ఇసుక, పెంపుడు పిల్లులకు వేసే మట్టిగుళికలు, ఏదైనా పనికొస్తుంది. పోసి వదిలేయకుండా పాత చెప్పు వేసుకుని కాలితో బాగా నలపండి. మా మెకానిక్ చేసేది ఇదే: పొట్టు పోసి, దాని మీద అటూ ఇటూ నడిచి, రాత్రంతా ఉంచి, పొద్దున పొడి చీపురుతో ఊడ్చేవాడు. ఊడ్చినప్పుడు పొట్టు గోధుమరంగు నుంచి నల్లగా మారి ఉండలు కట్టి వస్తే నూనె పైకి వస్తోందని అర్థం. పొట్టు రంగు మారకుండా వచ్చేదాకా ఇది మళ్ళీ మళ్ళీ చేయాలి. తాజా మరకలో సగం పని ఇక్కడే అయిపోతుంది, చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా సబ్బునీళ్ళకు పోతారు.

తరవాత కడగడం. కిరాణా కొట్టులో బట్టల సోడా దొరుకుతుంది, కొన్నిచోట్ల చాకలి సోడా అంటారు. వంటసోడా వేరు, దానికి ఇంత బలం ఉండదు. కాస్టిక్ సోడా అసలు ముట్టుకోకండి, చర్మం, కళ్ళు కాలిపోతాయి. బట్టల సోడా క్షారం. కాంక్రీట్ కూడా స్వతహాగా గట్టి క్షారమే, తాజా కాంక్రీట్ పీహెచ్ 12 పైనే ఉంటుంది, అందుకే సోడా దానికి హాని చేయదు. లీటరు బాగా వేడిగా ఉన్న నీళ్ళకు రెండు మూడు పెద్ద చెంచాల సోడా, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. ఇందులో లిక్విడ్ చాలా ముఖ్యం. ఇంజిన్ ఆయిల్ ఖనిజ తైలం కాబట్టి సోడాతో సబ్బుగా మారదు. దాన్ని సన్నటి బిందువులుగా విడగొట్టి నీళ్ళలో తేలేలా చేసేది డిష్‌వాష్ లిక్విడ్, డిటర్జెంట్ లాంటివే. నాటు పద్ధతిలో కుంకుడుకాయ రసం కూడా ఇదే పని కొంత చేస్తుంది.

ఈ నీళ్ళు మరక మీద పోసి పావుగంట నాననివ్వండి. ఎండలో చేస్తే నానక ముందే ఆరిపోయి తెల్లటి పొర కడుతుంది, అందుకే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ పెట్టుకోండి. నైలాన్ బ్రష్‌తో, అంటే బాత్రూమ్ తోమే గట్టి బ్రష్‌తో, గుండ్రంగా రుద్దండి. ఇనుప తీగల బ్రష్ వద్దు. దాని నుంచి రాలిన ఇనుప పొడి గచ్చు రంధ్రాల్లో ఉండిపోయి, తడి తగిలినప్పుడల్లా ఎర్రటి తుప్పు చుక్కలు వేస్తుంది. చేతికి రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, సోడాకూ వాడిన ఆయిల్‌కూ రెండింటికీ.

రుద్దాక నల్లటి నురగ వస్తుంది. దాన్ని బకెట్ నీళ్ళతో తోసేయకండి. మళ్ళీ కొంచెం రంపపు పొట్టు చల్లి ఆ నురగను పీల్పించి ఎత్తేయండి, చివరిగా మిగిలిన కొంచెమే కడగండి. చాలా ఇళ్ళలో పార్కింగ్ నీళ్ళు ఇంకుడు గుంతలోకి వెళ్ళేలా వాలు పెడతారు. అందులోకి ఇంజిన్ ఆయిల్ పోతే అది నేరుగా మన బోరు నీళ్ళ వైపే ప్రయాణం. వాడిన ఇంజిన్ ఆయిల్ కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. నూనె పీల్చిన పొట్టును సంచిలో మూట కట్టి, పాత ఆయిల్ డ్రమ్ములో పోగుచేసే మెకానిక్ షాపులో అడిగి ఇవ్వండి. కాలువలో వేయొద్దు, చెట్ల మొదట్లో పోయొద్దు, కాల్చొద్దు.

మీ మరక పాతదని రాశారు కాబట్టి కడిగాక కూడా ఒక నీడ మిగులుతుంది. దానికి పట్టు వేయాలి. ఇది కొంచెం ఓపిక పని, కానీ మా మడిగెలో అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించింది ఇదే. ముల్తానీ మట్టి కిలోల లెక్కన పూజాసామాను కొట్లలో, ఆయుర్వేద దుకాణాల్లో చవకగా దొరుకుతుంది. గొర్రె ఉన్నిలోని జిడ్డు తీయడానికి పూర్వం వాడిన మట్టి ఇది, నూనెను పీల్చడం దీని స్వభావం. దీన్ని పైన చెప్పిన సోడా, లిక్విడ్ కలిపిన వేడినీళ్ళతో చపాతీ పిండి కంటే కాస్త జారుగా కలపండి. మరక అంచు దాటి రెండు మూడు అంగుళాలు బయటికి వచ్చేలా, అరంగుళం మందాన మెత్తండి. పైన పాలిథిన్ కవర్ పరిచి అంచులకు టేప్ వేయండి. ఒక రోజు అలా ఉంచి, కవర్ తీసి పూర్తిగా ఆరనివ్వండి. ఈ ఆరడమే అసలు పని: తడి మట్టిలోంచి గాలిలోకి పోతుంటే, రంధ్రాల్లోని తడి దాని వెనకే పైకి వస్తుంది, నూనెను కూడా మోసుకొస్తుంది. ఎండిన పెచ్చును ప్లాస్టిక్ గరిటెతో లేపి తిరగేసి చూడండి. పై వైపు మామూలు మట్టి రంగులో ఉంటుంది, గచ్చును అంటుకున్న వైపు టీ డికాషన్ రంగు మచ్చ కనిపిస్తుంది. మచ్చ పలచబడేదాకా కొత్త మట్టితో మళ్ళీ వేయండి.

మొండికేసిన మరకకు సోడానీళ్ళ బదులు పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్‌తో మట్టి కలుపుతారు. బాగా పనిచేస్తుంది. కానీ అది మండే ద్రవం. గాలి ఆడే చోట, నీడలో, దగ్గర్లో పొయ్యి గానీ సిగరెట్ గానీ లేకుండా చేయాలి. మూసిన సెల్లార్ అయితే ఆ ఆలోచనే వద్దు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఏళ్ళ తరబడి ఆయిల్ దిగిన చోట ఇవేవీ పూర్తిగా గెలవవు. మా మడిగెలో ఇంజిన్లు విప్పే మూల ఎంత చేసినా నీటిచుక్క నిలబడుతూనే ఉండేది. చివరికి మేస్త్రీ ఆ కాస్త మేర ఉలితో పై పొర చెక్కేసి కొత్తగా గచ్చు వేశాడు. మిగతా గదంతా కడిగిన గచ్చు మీదే టైల్స్ పడ్డాయి, గట్టిగానే ఉన్నాయి. మీది ఒక బైక్ కింది మరక కాబట్టి అంతదూరం పోదు.

ఇంకొకటి గమనించండి: మరక పోయిన చోట గచ్చు చుట్టుపక్కల కంటే తెల్లగా తేలి, అదే ఒక మచ్చలా కనిపిస్తుంది. చివరి రోజు మొత్తం పార్కింగ్ అంతా పలచటి సోడానీళ్ళతో ఒకసారి తోమేస్తే రంగు కలిసిపోతుంది.

వంటనూనె మరక గురించి వెతుక్కుంటూ ఈ జవాబు దగ్గరికి వచ్చేవాళ్ళకు కూడా ఒక ముక్క. డాబా మీద ఆవకాయ కలిపేటప్పుడు ఒలికిన పప్పునూనె, గ్యాస్ పొయ్యి బయట పెట్టి పిండివంటలు చేసినప్పుడు చిందిన పల్లీనూనె ఇంజిన్ ఆయిల్ కంటే సులువుగా పోతాయి. ఎందుకంటే సోడా తగిలితే అవి కొంత సబ్బుగా మారి వాటంతట అవే కడుక్కుపోతాయి. ఆలస్యం చేస్తే మాత్రం గాలికి బంకలా గట్టిపడతాయి. పసుపు కలిసిన నూనె అయితే సోడా తగలగానే ఎర్రగా మారుతుంది, కంగారు పడకండి. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడినట్టే అది. జిడ్డు పోయాక మిగిలిన రంగు ఎండకు వెలిసిపోతుంది. వంటనూనె పీల్చిన గుడ్డల్ని, పొట్టును కుప్పగా పోసి ఉంచొద్దు, అవి లోలోపల వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట పలచగా ఆరబెట్టి పారేయండి.

మళ్ళీ మీ బండి దగ్గరికి వస్తాను. కారడం ఆగకుండా గచ్చు తోమితే శ్రమంతా వృథా. రాత్రి బండి కింద ఒక పెద్ద అట్టముక్క పరిచి పొద్దున చుక్క ఎక్కడ పడిందో చూడండి. ఇంజిన్ కింద సరిగ్గా మధ్యలో పడితే ఎక్కువగా డ్రెయిన్ బోల్టు దగ్గరి వాషర్‌దే తప్పు. ఆయిల్ మార్చినప్పుడు పాత వాషరే మళ్ళీ వేస్తే అలా కారుతుంది, కొత్తది కొన్ని రూపాయల పని. ఎడమ వైపు గేర్ లివర్ దగ్గరైతే ఆయిల్ సీల్ మార్చించాలి. ముందు చక్రం కింద పడితే ముందు షాక్ అబ్జార్బర్లలో ఉండే ఫోర్క్ ఆయిల్, వెనక చక్రం పక్కన సన్నటి చుక్కలైతే చైన్‌కు కొట్టిన లూబ్. చుక్క ఎక్కడ పడిందో, మీది పాలిష్ గచ్చో గరుకు గచ్చో రాయండి, పట్టు ఎన్నిసార్లు వేయాల్సి రావచ్చో దాన్నిబట్టి చెబుతాను.