గుండెదడ తగ్గకుండానే వచ్చిన ధైర్యం

ఆఫీసులో అందరూ ఒకవైపు ఉంటే మీరొక్కరే మరోవైపు నిలబడవలసి వచ్చిందనీ, ఎంత ప్రార్థించినా గుండెదడ తగ్గడం లేదనీ, ఇది మీ విశ్వాసంలో లోపమా అనీ అడిగారు. కాదనే నా అనుభవం చెబుతోంది.

నేను ఒక ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలో పనిచేస్తాను. కొన్నేళ్ల క్రితం ఒక ఊళ్లో వేసిన సీసీ రోడ్డును కొలవవలసిన బాధ్యత నాపై పడింది. అంచనా ప్రకారం మందం 15 సెంటీమీటర్లు ఉండాలి. రోడ్డును తొలిచి కోర్ (గుండ్రటి కాంక్రీటు ముక్క) తీయించి చూస్తే మూడుచోట్ల 11కు మించలేదు. పని కొలతలు నమోదు చేసే ఎం-బుక్‌లో 15 అని రాస్తేనే పూర్తి బిల్లు వస్తుంది కనుక కాంట్రాక్టరు మొదట తియ్యగా మాట్లాడాడు, తరువాత ఊరి పెద్దలను పంపాడు, ఆ తరువాత రాత్రిళ్లు ఫోన్లు మొదలయ్యాయి. ఇంట్లో మా అత్తగారు, "పిల్లల తల్లివి, నీకెందుకమ్మా ఈ పంతం?" అన్నారు. నా భర్త ఏమీ అనలేదు. అన్నిటికంటే ఆ మౌనమే నన్ను ఎక్కువ కుంగదీసింది.

ఆ రోజుల్లోనే బైబిలులో నెహెమ్యా గ్రంథం తెరిచాను. గోడ కట్టించిన మనిషి కథ కదా, ఇంజనీరుకు పనికొస్తుందనుకున్నాను! యెరూషలేము గోడ కూలి ఉందని విని దిగులుతో ఉన్న నెహెమ్యా అనే యూదుడు, పారసీక రాజైన అర్తహషస్తకు ద్రాక్షారసం అందిస్తుండగా, "నీ ముఖం ఎందుకు చిన్నబోయింది?" అని రాజు అడిగితే, తాను మిక్కిలి భయపడ్డానని దాచకుండా రాసుకున్నాడు. నీకేమి కావాలని రాజు మళ్లీ అడిగినప్పుడు, ఆ ప్రశ్నకూ తన జవాబుకూ నడుమనున్న క్షణంలో దేవునికి ప్రార్థించి, ఆపైన నోరు విప్పాడు. మోకరించే వ్యవధి కూడా అతనికి లేదు.

మరుసటి వారం మా పై అధికారి నన్ను తన గదికి పిలిపించి, ఎం-బుక్ తెరిచి, పెన్ను నా వైపు జరిపి, "అందరూ రాసేదే కదమ్మా, ఏమంటావు?" అన్నారు. "ప్రభువా" అన్న ఒక్క మాటే మనసులో వచ్చింది. వేళ్ల వణుకు కనబడకుండా బల్ల అంచు పట్టుకుని, "కొలిచినదే రాస్తాను సార్" అన్నాను. నా గొంతు నాకే పీలగా వినిపించింది. భయం ఇసుమంతైనా పోలేదు గాని, చెప్పవలసిన మాట బయటికి వచ్చింది; దేవుడు ఆ రోజు నాకిచ్చిన ధైర్యం సరిగ్గా అంతే.

ప్రార్థిస్తున్నప్పుడు ఇతర జాగ్రత్తలు తీసుకోవడం అపనమ్మకమేమోనన్న మీ సందేహానికి కూడా నెహెమ్యాయే జవాబు. రాజు సెలవుతో అతను యెరూషలేము వెళ్లి గోడ కట్టిస్తుంటే, నక్క ఎక్కినా ఈ గోడ కూలుతుందని టోబీయా అనే విరోధి హేళన చేశాడు. మరో విరోధి సన్బల్లటు, అతనితో చేరినవారు దాడికి కుట్ర పన్నారు. అప్పుడు యూదులు దేవునికి ప్రార్థన చేసి, రాత్రింబగళ్లు కావలి కూడా పెట్టారు. మన ప్రసంగాల్లో ప్రార్థన గురించి విన్నంతగా ఈ కావలి గురించి వినం. అది నాకు కొంచెం కోపం తెప్పించే విషయం. నేను కోర్ ముక్కల పక్కన టేపు పెట్టి ఫొటోలు తీయించాను, కొలతలను లేఖగా రాసి ఆఫీసు తపాలు విభాగంలో ఇచ్చి అందినట్లు ముద్ర వేయించుకున్నాను, ఒక నకలు ఇంట్లో భద్రపరిచాను. మీరూ ఈ వారమే ఆ పని చేయండి.

నెహెమ్యా గోడ 52 దినాల్లో పూర్తయింది. నా కథ అంత చక్కగా ముగియలేదు. బిల్లు కొలత మేరకే తగ్గింది. నాలుగు నెలలకు నన్ను దూరపు మండలానికి బదిలీ చేశారు. ఉత్తర్వు అందిన రాత్రి దేవునితో చాలాసేపు వాదించాను, ఆ వాదన ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కొత్తచోట మొదటి ఎం-బుక్ రాస్తున్నప్పుడు కూడా చెయ్యి వణికింది. కొలిచిన అంకెలే రాశాను.